పందికొక్కూ పుట్టగొడుగూ: ఒక పోలిక

చిన్న పందికొక్కు దక్షిణాసియా అంతటా పొలాల్లోనూ గోదాముల్లోనూ కనిపించే ఎలుక. శాస్త్రీయ నామం బండికోటా బెంగాలెన్సిస్. పుట్టగొడుగు వానాకాలంలో చెదపుట్టల మీద మొలిచే శిలీంధ్రం. అందులో చాలా జాతులున్నాయి. ఈ వ్యాసంలో తీసుకున్నది మన అడవుల్లోనూ చెలకల గట్ల మీదా దొరికే టెర్మిటోమైసిస్ హైమీ. ఒకటి జంతువు, మరొకటి శిలీంధ్రం కాబట్టి పోల్చడానికి ఏముందని అనిపించవచ్చు. అయితే రెండింటి బతుకూ నేల కిందే. పైకి కనిపించేది అందులో కొద్ది భాగం. రెండూ ఇంకొకరు పోగుచేసిన తిండి మీద ఆధారపడ్డవే. పందికొక్కుకు రైతు గింజలు కావాలి, పుట్టగొడుగుకు చెదపురుగు మోసుకొచ్చే ఆకూ పుల్లా కావాలి. ఇక మనిషి సంగతి చూస్తే, పందికొక్కును వెళ్ళగొట్టాలని చూస్తాడు, అది పోదు. పుట్టగొడుగును పెరట్లో పండించాలని చూస్తాడు, అది రాదు. ఈ రెండు ఓటములకూ కారణం నేల కిందే ఉంది.

వాట్‌గంజ్ గోదాముల కింద

కోల్‌కతాకు నైరుతి దిక్కున, ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న పాత పేట వాట్‌గంజ్. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కల్నల్ హెన్రీ వాట్సన్ 1780 ప్రాంతంలో ఇక్కడ ఓడల మరమ్మతుకూ నిర్మాణానికీ రేవు కట్టించే పని మొదలుపెట్టాడు. పేటకు ఆయన పేరు నిలిచిపోయింది. ఆ తరవాత నూరేళ్ళు దాటాక, 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరుచుకుంది. పక్కనున్న గార్డెన్ రీచ్ ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు ప్రధాన స్థావరం, ఇప్పుడు ఆగ్నేయ రైల్వేకు. ఖరగ్‌పూర్ దారిలో రైల్వే ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లు కొత్తవి కావు.

రేవు అంటే బస్తాలు. బస్తాలున్నచోట ఎలుకలుంటాయి. అయితే రేవుల్లో అన్ని ఎలుకలూ ఒకలాంటివి కావు. కప్పుల మీదా దూలాల మీదా తిరిగేది ఇంటి ఎలుక. అది మోకులు పట్టుకుని ఓడెక్కుతుంది, ఓడ దిగుతుంది. ఓడను కట్టే మోకులకు గుండ్రటి రేకులు తొడిగేది దీనికోసమే. మురుగుకాల్వల్లో ఉండేది నార్వే ఎలుక. ప్రపంచంలోని పెద్ద రేవుపట్టణాల్లో చాలాచోట్ల దానిదే పెత్తనం. కోల్‌కతాలో అలా కాలేదు. ఇక్కడి గోదాముల్లో దాన్ని పక్కకు నెట్టి చిన్న పందికొక్కు స్థిరపడింది. యాంగోన్‌లోనూ ఇంతే. ఓడ దిగి వచ్చిన ఎలుక ప్రపంచమంతా గెలిచి, హుగ్లీ ఒడ్డున మాత్రం స్థానికుడి చేతిలో ఓడిపోవడం నాకు ఎప్పుడూ సరదాగానే ఉంటుంది.

కోల్‌కతా గోదాముల్లో పందికొక్కు జీవనాన్ని దగ్గరగా చూసి రాసిన మొదటి పెద్ద అధ్యయనం జె. జువాన్ స్పిల్లెట్‌ది. 1968లో పుస్తకంగా వచ్చింది. అంతవరకు కోల్‌కతా ఎలుకల గురించి మాట్లాడినవాళ్ళు ఎక్కువగా ప్లేగునో పంట నష్టాన్నో దృష్టిలో పెట్టుకుని మాట్లాడారు. ఎలుక ఎక్కడ పడుకుంటుంది, ఎంత దూరం పోతుంది, ఏ నెలల్లో పిల్లల్ని పెడుతుంది అని ఓపికగా చూడడం అక్కడ మొదలైంది.

చూడడానికి ఈ జంతువు పొట్టిగా, బలంగా ఉంటుంది. మూతి మొద్దు, చెవులు గుండ్రం, తోక ఒంటికన్నా పొట్టి. బరువు సాధారణంగా 200 నుంచి 300 గ్రాములు. తెలుగునాట జనం పందికొక్కు అని పిలిచేది ఎక్కువగా దీని పెద్ద చుట్టాన్ని, అంటే బండికోటా ఇండికాను. అది కిలో దాకా తూగుతుంది. చిన్నది పొలంలో కనిపిస్తే ఉత్తి ఎలుక అనేస్తారు. ఈ ప్రజాతి పేరూ ఇంగ్లీషువాళ్ళు వాడే బాండికూట్ అన్న మాటా తెలుగు పందికొక్కు నుంచే పుట్టాయి. ఆ పేరును ఆస్ట్రేలియాలో సంచిజంతువులకు తగిలించారు గానీ వాటికీ దీనికీ చుట్టరికం లేదు.

దీని గుణం తవ్వడం. గోదాము గోడ మొదట్లో, అరుగు పగుల్లో, ఫుట్‌పాత్ రాళ్ళ సందున తట్టెడు వదులు మట్టి కుప్పపోసి ఉంటే, దాని పక్కనే కలుగు నోరు ఉంటుంది. లోపలికి పోయాక పందికొక్కు ఆ నోటిని మట్టితో మూసేసుకుంటుంది. పొద్దున్నే చూస్తే మూసిన మట్టి తడిగా, కొత్తగా ఉంటే లోపల ఎలుక ఉన్నట్టు. అంచులు ఎండి, సాలెగూడు పట్టి ఉంటే ఆ ఇల్లు ఖాళీ. లోపల ఒకే సొరంగం ఉండదు. కొమ్మలు కొమ్మలుగా పోయి, పడుకునే గది ఒకచోట, గింజలు దాచుకునే గదులు ఇంకోచోట ఉంటాయి. పైకి రావడానికి అత్యవసర దారులు కూడా పెట్టుకుంటుంది. వరిపొలాల్లో కోతల కాలానికి కొన్ని కలుగుల నుంచి కిలోల కొద్దీ వెన్నులు బయటపడతాయి. ఒక్కొక్క కలుగులో మామూలుగా ఒక్కటే పెద్ద ఎలుక. తల్లి అయితే పిల్లలతో. పక్క ఎలుక తొంగిచూస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. కోల్‌కతా నేల ఒండ్రుమట్టి, తడి ఎక్కువ. తవ్వడానికి తేలిక, దాహానికి కొరత లేదు. ఈత కూడా వచ్చు కాబట్టి వానకు కలుగు మునిగినా బతికి బయటపడుతుంది.

ఎస్ప్లనేడ్ దగ్గర కర్జన్ పార్కులో జనం ఎలుకలకు శనగలూ మరమరాలూ వేసి నిలబడి చూడడం కోల్‌కతా తెలిసినవారికి కొత్తగాదు. గోదాములో సున్నపు బట్టీలా వేడెక్కి ఎలుకను తిట్టుకునే మనిషే, సాయంత్రం పార్కులో దానికి తిండి కొని వేస్తాడు.

పుట్ట లోపలి తోట

పుట్టగొడుగు సంగతి చెప్పాలంటే పుట్ట నుంచి మొదలుపెట్టాలి. ఒడొంటోటెర్మిస్ వంటి చెదపురుగుల పొట్టలో ఎండు కర్రను పూర్తిగా అరిగించుకునే శక్తి లేదు. అవి ఎండుటాకూ గడ్డీ కర్రా కొరికి, నమిలి, సగం అరిగిన దాన్ని విసర్జించి, దానితో పుట్ట లోపల బూడిదరంగు గడ్డలు కడతాయి. మెదడు మడతల్లాంటి ఆకారం. ఆ గడ్డ మీదా లోపలా శిలీంధ్రపు పోగులు అల్లుకుంటాయి. కర్రలోని లిగ్నిన్‌నూ సెల్యులోజునూ విరగ్గొట్టే పని శిలీంధ్రానిది. పోగుల మీద ఆవగింజంత తెల్లటి ముద్దలు పుడతాయి. చెదపురుగులు వాటిని తింటాయి, ముదిరిన గడ్డనూ తింటాయి, తాజా పదార్థాన్ని పైన చేరుస్తాయి. వ్యవసాయం మనిషికే పుట్టిన విద్య అనుకునేవారు ఈ తోటను ఒకసారి చూడాలి. చెదపురుగు, శిలీంధ్రాల ఈ పొత్తు ఆఫ్రికాలో ఒక్కసారే పుట్టిందనీ, అప్పటికీ ఇప్పటికీ సుమారు 3 కోట్ల ఏళ్ళు గడిచాయనీ జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. అప్పటి నుంచి ఆ కుటుంబపు చెదపురుగులు మళ్ళీ తోట లేని జీవితానికి మళ్ళలేదు. శిలీంధ్రమూ పుట్టను విడిచి బయట బతకలేదు.

ఒక పుట్టలో ఒకే రకం శిలీంధ్రపు పోగు పెరుగుతుంది. వేరే శిలీంధ్రాలు కలుపులా చేరకుండా చెదపురుగులు చూసుకుంటాయి. పుట్ట లోపల వేడి దాదాపు 30 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, గాలిలో తేమ నిండుగా ఉంటుంది. ఏదో కారణంగా చెదపురుగులు పుట్టను విడిచిపెడితే కొద్ది రోజుల్లోనే జైలేరియా అనే ఇంకో శిలీంధ్రం గడ్డనంతా కప్పేస్తుంది. అది అంతకుముందూ అక్కడే ఉంది. కాపలా లేనప్పుడు తలెత్తింది.

వాన పడ్డాక ఈ తోట నుంచి పుట్టగొడుగు పైకి బయల్దేరుతుంది. గడ్డ మీద పుట్టిన మొగ్గ, తల మీద గట్టి మొనతో మట్టిని చీల్చుకుంటూ, వేరులాంటి పొడవైన కాడ వెనక సాగుతుండగా నేల పైకి వస్తుంది. ఆ కాడ జానెడు ఉండవచ్చు, మూరెడూ ఉండవచ్చు. పుట్ట ఎంత లోతో కాడ అంత. మట్టి పైకి వచ్చాక గొడుగు విచ్చుకుంటుంది. తెల్లగా ఉండి నడుమ ముదురురంగు మొన మిగులుతుంది. కింది మడతల నుంచి లేత గులాబీ రంగు బీజాలు రాలతాయి. కాడను పట్టుకుని లాగితే సగంలో తెగుతుంది. ఏరేవాళ్ళు అందుకే వేళ్ళతోనో పుల్లతోనో చుట్టూ మట్టి తవ్వి, మెల్లగా కదిలిస్తారు. కాడ కొసన బూడిదరంగు పొడి అంటుకుని వస్తే తోట దాకా చేరినట్టే. పిడుగు పడితే పుట్టగొడుగులు పుడతాయని ఊళ్ళలో అంటారు. పిడుగుకు సంబంధం లేదు గానీ ఉరుములతో వచ్చే మొదటి భారీ వానల తరవాతే ఇవి గుంపులుగా లేవడం మాత్రం నిజం.

టెర్మిటోమైసిస్ ప్రజాతికి పేరు పెట్టింది ఫ్రెంచి శిలీంధ్ర శాస్త్రవేత్త రోజే హైమ్, 1942లో. దక్షిణ భారతంలో దొరికిన జాతిని 1979లో కె. నటరాజన్ వర్ణించి, ఆ హైమ్ పేరే దానికి పెట్టారు. ఈ ప్రజాతిలో అన్నిటికన్నా పెద్దది ఆఫ్రికాలోని టెర్మిటోమైసిస్ టైటానికస్. దాని గొడుగు అడ్డం మీటరు దాకా పెరుగుతుంది. మన జాతి అరచేతిలో పడుతుంది.

పశ్చిమ బెంగాల్‌లో బాంకురా, పురులియా, పశ్చిమ మేదినీపూర్ సాల అడవుల జనం పుట్టగొడుగును ఛాతు అంటారు. వానల్లో ఏరి సంతలకు తెస్తారు. వాట్‌గంజ్‌లో పుట్టా లేదు, సాల చెట్టూ లేదు. అక్కడి ప్రజలకు శిలీంధ్రాల బలం తెలిసిన చోటు హుగ్లీకి అవతలి ఒడ్డున శిబ్‌పూర్ వృక్షోద్యానం. 1787లో పెట్టిన ఆ తోటలోని మహా మర్రి చెట్టుకు 1864లో, 1867లో తుపాన్ల దెబ్బ తగిలింది. గాయంలోంచి కుళ్ళు శిలీంధ్రం చేరింది. చివరకు 1925లో నడి మానునే తీసేయవలసివచ్చింది. ఊడలు మాత్రం ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. చెక్కను నమిలే ఆ శిలీంధ్రమూ పుట్టలోనిదీ వేరు వేరు జాతులే, చేసే పని మాత్రం ఒకటే.

చుట్టరికం

పాత పాఠ్యపుస్తకాల్లో శిలీంధ్రాలు మొక్కల కింద ఉండేవి. కోల్‌కతాలోనే ప్రధాన కార్యాలయాలున్న రెండు ప్రభుత్వ సర్వేక్షణ సంస్థల్లో ఆ పాత లెక్క ఇంకా నడుస్తోంది. పందికొక్కు 1916లో ఏర్పడిన జంతు సర్వేక్షణ సంస్థ పరిధిలోకి వస్తే, పుట్టగొడుగు 1890 నాటి వృక్ష సర్వేక్షణ సంస్థకు పోయింది. జన్యువుల లెక్కలో చూస్తే శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గర. రెండూ ఎండ నుంచి తిండి తయారు చేసుకోలేవు. పిండిపదార్థాన్ని మొక్కల్లా స్టార్చిగా కాక గ్లైకోజెన్‌గా నిల్వ చేసుకుంటాయి. వీటి ఉమ్మడి పూర్వజీవి సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందటిది.

తేడా తినే పద్ధతిలో ఉంది. ఎలుక ముందు మింగి తరవాత అరిగించుకుంటుంది. జీవితాంతం పెరిగే కొరుకుడు పళ్ళు దానికి ఆయుధం, అరగదీయకపోతే అవే శాపం. శిలీంధ్రం ముందు బయట ఎంజైములు వదిలి అరిగించి, తరవాత పీల్చుకుంటుంది. అందుకే దానికి నోరు లేదు, పొట్ట లేదు, అది తిండి మధ్యే పరుచుకుని ఉంటుంది. ఎలుకను ఒకటీ రెండూ అని లెక్కపెట్టవచ్చు. పుట్ట మీద ఇరవై గొడుగులు కనిపించినా కింద ఉన్నది తరచూ ఒకే శిలీంధ్రం. కోసుకుపోయినది ఆ జీవిని కాదు, దాని కాపును.

సంతానం

పందికొక్కు గర్భం సుమారు 23 రోజులు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు, పైకి కూడా పోతాయి. రెండు మూడు నెలల్లో పిల్లలు ఈడుకొస్తాయి. పొలంలో ఈ సంతానం పంట కాలాన్ని అనుసరిస్తుంది. గోదాములో తిండికి ఋతువు లేదు కాబట్టి పిల్లలకూ ఋతువు లేదు. ఒక జంట ఏడాదిలో ఇన్ని వేలవుతుందని పోస్టర్ల మీద వేసే లెక్కలు కాగితం మీదివే. కలుగు చోటూ తిండీ కొట్లాటలూ అందులో ఎక్కువ భాగాన్ని ముందే కోసేస్తాయి. బతికినవి కూడా చాలావరకు ఏడాది నిండకుండానే పోతాయి.

పుట్టగొడుగు లెక్క ఇంకా దుబారా. ఒక్క గొడుగు వదిలే బీజాలు కోట్లలో ఉంటాయి. వాటిలో పనికొచ్చేది, కొత్తగా గూడు కట్టుకున్న చెదపురుగుల జంట తొలి సంతానం మేతకు బయటికొచ్చినప్పుడు, ఎండుటాకుతో పాటు నోటికి అందినది మాత్రమే. ఒడొంటోటెర్మిస్ పురుగులు పుట్టినింటి నుంచి శిలీంధ్రాన్ని వెంట తెచ్చుకోవు. ప్రతి కొత్త పుట్టా దాన్ని బయట వెతుక్కోవాలి. తొలి పనివాళ్ళు బయటికి వచ్చే రోజులూ పుట్టగొడుగులు విచ్చుకునే రోజులూ కలవాలి. వాన ఆలస్యమైతే ఆ ముహూర్తం తప్పుతుంది.

పొమ్మన్నా పోనిది

పందికొక్కును చంపడం కష్టమేమీ కాదు. ఆ స్థలాన్ని ఖాళీగా ఉంచడమే కష్టం. మందు పెట్టి గోదాములో సగం ఎలుకల్ని చంపితే, ఖాళీ అయిన కలుగుల్లోకి పక్కింటివి వచ్చి చేరతాయి. పోటీ తగ్గడంతో మిగిలినవి ఎక్కువ పిల్లల్ని బతికించుకుంటాయి. జింక్ ఫాస్ఫైడ్ వంటి తక్షణ విషం కొద్దిగా తిని బతికిన ఎలుక ఆ రుచిని గుర్తుపెట్టుకుని మళ్ళీ ముట్టదు. అందుకే దాన్ని పెట్టే ముందు ఒకటి రెండు రోజులు ఉత్తి నూకలు అలవాటు చేస్తారు. బ్రోమాడియోలోన్ నెమ్మదిగా పనిచేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల తరవాత చంపుతుంది కాబట్టి ఎలుకకు తిండి మీద అనుమానం రాదు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు పొడి అన్నది మన వ్యవసాయ శాఖ రైతులకు చెప్పే కలయిక. పొలంలో ముందురోజు కలుగులన్నీ మట్టితో మూసేసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే పొట్లాలు పెడతారు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకల నియంత్రణ మీద చాలాకాలంగా పని జరుగుతోంది. అక్కడి సలహాల్లోని కీలకం ఒక్కటే. ఊరు ఊరంతా ఒకేసారి చేయాలి. ఒక్క రైతు తన మడిలో చేస్తే పక్క మడి ఎలుకలకు ఇల్లు సర్దిపెట్టినట్టే.

గోదాములో అసలు మందు సిమెంటే. గట్టి నేల, ఎత్తు అరుగు, తలుపు అడుగున రేకు, గోడ వెంట ఖాళీ జాగా. వందేళ్ళ నాటి సున్నపు గోడలూ మట్టి పునాదులూ ఉన్న పాత రేవుపేటల్లో ఇవన్నీ కుదిరే పని కాదు. పైగా గోదాము దాటితే మురుగుకాల్వ, అది దాటితే చెత్తకుప్ప. వానాకాలంలో ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అంటుకునే ప్రమాదం ఉంది. కాలికి చిన్న గీత ఉన్నా చాలు. డాకు కూలీలకు మోకాలి లోతు నీళ్ళు మామూలు కాబట్టి ముందుగా ఆ జబ్బు బారిన పడేదీ వాళ్ళే.

రమ్మన్నా రానిది

వరిగడ్డి పుట్టగొడుగు, ముత్యపుచిప్ప పుట్టగొడుగు, బజార్లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగు అన్నీ పాకల్లో పండుతాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో వీటికోసం ప్రత్యేక పరిశోధనా సంస్థే ఉంది. చెదపుట్ట పుట్టగొడుగు మాత్రం వ్యాపార స్థాయి సాగుకు లొంగలేదు. ప్రయోగశాలలో దాని పోగు పెరుగుతుంది, నెమ్మదిగా. గొడుగు లేవదు. చెదపురుగులు తోటకు చేసే సేవలో ఏది అసలైనదో, ఏది లేకపోతే కాపు రాదో విడదీసి చూపడం కష్టం. నమిలిన గడ్డను అందించడమా, కలుపును ఏరేయడమా, తేమా వేడీ కాయడమా? ఇవన్నీ కలిపి చేయగలిగిన పనివాళ్ళు లక్షల్లో ఉన్నారు, మన మాట మాత్రం వినరు.

అందుకే దీని ధర బటన్ పుట్టగొడుగు కంటే ఎప్పుడూ పైనే. కోసిన రోజే వండాలి. మర్నాటికి మెత్తబడి పురుగు పడుతుంది. కొనేవారు చూడవలసింది ఒకటుంది. వానాకాలంలో పచ్చిక మీదా పెంటకుప్పల పక్కనా మొలిచే ఒక తెల్ల గొడుగు ఇలాగే ఉంటుంది గానీ, దాని మడతలు ముదిరేకొద్దీ పచ్చబడతాయి. తింటే గంటల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. దానికి నేలలోకి దిగే పొడుగు కాడ ఉండదు. కాడ సగానికి కోసి అమ్మే గంప దగ్గర ఈ గుర్తు చూసుకునే వీలు లేదు కాబట్టి, అలాంటి గంప దాటిపోవడం మంచిది.

పట్టేవాళ్ళు, ఏరేవాళ్ళు

పుట్టకు తెలుగు ఊళ్ళలో ఇంకో సంబంధం ఉంది. నాగులచవితినాడు పాలు పోసే పుట్ట చెదపురుగులది, లోపల చేరే పాము అద్దెకు దిగినది. ఆ నాగుపామూ జెర్రిపోతూ తినేవాటిలో ఎలుకలు ముందుంటాయి. చేను గట్టున పుట్టను తవ్వకుండా వదిలేసిన రైతు తెలిసో తెలియకో రెండు పనులు చేస్తున్నాడు. వానల్లో కూరకు దారి ఉంచుతున్నాడు, ఎలుకల మీదికి కాపలా ఉంచుతున్నాడు. పామును చూడగానే కర్ర తీసే అలవాటు వేరే సంగతి.

నెల్లూరు ప్రాంతంలో యానాదులు ఎలుకలు పట్టడంలో ఆరితేరినవారు. కలుగు నోటి మట్టిని చేత్తో చూసి లోపల ఉన్నదో లేదో చెబుతారు. మిగతా దారులు మూసి, కుండలో గడ్డి వేసి పొగ ఊది, బయటికొచ్చినదాన్ని పడతారు. తరవాత కలుగు తవ్వి, అది దాచిన గింజల్ని తీసుకుంటారు. రైతుకు ఎలుక పోతుంది, వాళ్ళకు మాంసమూ గింజలూ దక్కుతాయి. గోదావరి జిల్లాల్లో వెదురు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళు బుట్టకింత అని కూలి తీసుకోరు, పడిన ఎలుకకు ఇంత అని తీసుకుంటారు. మందు పొట్లాల కన్నా ఈ పని మెరుగని చెప్పడానికి చాలా కారణాలున్నాయి. విషం తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుందన్నది అందులో ముఖ్యమైనది.

పుట్టగొడుగుల విషయంలో ఆ నేర్పు నల్లమల చెంచులకూ ఏజెన్సీ కోయలకూ ఉంది. ఏ పుట్ట ఏ వానకు పూస్తుందో ఇంట్లో ఆడవాళ్ళకు గుర్తుంటుంది. చెదపురుగుల కుటుంబం బతికున్నన్నాళ్ళూ అదే చోట, దాదాపు అదే రోజుల్లో కాపు వస్తుంది. అందుకే ఆ చోటు ఎవరికీ చెప్పరు. ఇళ్ళస్థలాలకోసం జేసీబీ వచ్చి పుట్టను చదును చేస్తే, కింది తోటతో పాటు ఆ కాపూ పోతుంది. మళ్ళీ అక్కడ రావాలంటే కొత్త చెదపురుగుల జంట దిగి గూడు కట్టాలి, వాటి పిల్లలకు గాలిలో వచ్చిన బీజం దొరకాలి, తోట ముదరాలి. దానికి కొన్నేళ్ళు పడుతుంది. అదే జేసీబీ కుప్పపోసిన వదులు మట్టిలో పందికొక్కు కలుగు తవ్వుకోవడానికి రాత్రి చాలు.